పోయి వచ్చు తెరలు



గోదావరిఖనిలో బొగ్గుగని కార్మికుల బిడ్డలకు ముప్పది యేండ్లకు పైగా తెలుగు బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. నేడు చెప్పబూనినది రాజుల చరిత్రము కాదు. కంప్యూటరు తెరల చరిత్రము. వ్యాకరణము చదువుకొన్నవానికి ఈ తెరలతో నేమి పని యని మీరడుగవచ్చును. పనిపడిన విధము మొదట మనవి చేసెదను.

నా మనుమడు తన లాప్‌టాపునకు ఇంట నొక పెద్దతెరను, కార్యాలయమున మఱి రెండు తెరలను తగిలించుకొనును. ఉదయము తీగ తీయుట, సాయంకాలము పెట్టుట వానికి నిత్యకృత్యము. నా చూపు మందగించినందున, సెలవుదినములలో ఆ పెద్దతెర మీద నేనొక జాబితా వ్రాయుచుంటిని. ఓపెన్‌కాస్టు గనుల కొరకు ఖాళీ అయిన పల్లెల పేర్లు, వాని చెరువుల పేర్లు, అచ్చటి వారి ఇంటిపేర్లు అందు చేర్చితిని. ఒకనాడు పెద్దతెర లేకయే లాప్‌టాపు తెరచితిని. నా పుట కానరాలేదు. మూడు నెలల శ్రమ! పేర్లు చెప్పిన ముసలివారిలో ఇద్దరు అప్పటికే గతించిరి. ఇక నెవరి నడుగుదును?

మనుమడు వచ్చి చూచి, "తాతా, పుట ఎక్కడికీ పోలేదు. పెద్దతెర ఉండే చోటనే తెరచుకొన్నది, ఆ చోట ఇప్పుడు తెర లేదు, అంతే" అనెను. తీగ తగిలింపగనే పుట కనబడినది. నాటినుండి వీని చరిత్ర తెలిసికొన యత్నించితిని.

1897లో జర్మనీ దేశస్థుడగు బ్రౌన్ పండితుడు కిరణము తాకినచోట వెలుగు పుట్టు గాజునాళమును నిర్మించెను. తొలి కంప్యూటరు తెరలకు అదియే మూలము. చాలకాలము ఇంటి కంప్యూటరునకు ఒకటే తెర. 1987లో ఆపిల్ సంస్థవారి మాకింటోష్ రెండు అను యంత్రము పెక్కు తెరలను కలిపి ఒకే మైదానముగా చూపినది. 1998లో విండోస్ 98 ఆ సదుపాయమును సామాన్యులకు తెచ్చినది. ఆ మైదానమున ప్రతి పుటకును కొలత వేసిన చోటు కలదు.

అయితే వచ్చిన తెర యేదో యంత్రమెట్లు గుర్తించును? 1994లో వెసా అను ప్రమాణసంఘము ఉపాయము చూపినది: తెర తన లోపల 128 బైట్ల చిన్న జాతకము నుంచుకొని, అడిగినపుడు చెప్పును. నిర్మాత గుర్తు, నమూనా, క్రమసంఖ్య, పుట్టిన సంవత్సరము అందుండును. 1999లో వచ్చిన డి.వి.ఐ. తీగ, యంత్రము నడుచుచుండగనే తెర రాకపోకలను తెలుపగలిగినది. 2021లో వచ్చిన విండోస్ 11, అదే తెర మరల రాగా పుటలను పూర్వపు చోటనే పరచుట నేర్చినది.

దీనిని మన బాయి మీది ల్యాంపురూముతో పోల్చి చూడుడు. 1920లో ఏర్పడిన సింగరేణి సంస్థ గనులలో పని చేసినవారికి ఇది క్రొత్త గాదు. దీపమునకు నంబరు కలదు. షిఫ్టు దిగినవాడు దీపమును ఆ నంబరు చోటనే పెట్టును. ముందు వచ్చినవాడు ముందుచోట పెట్టుకొనుట లేదు. ఖాళీగా నున్న చోటు, మనిషి ఇంకను లోపల నున్నాడని చెప్పును. దానిని మరియొకరి కీయరాదు.

ఒకే నమూనా తెరలు రెండు క్రమసంఖ్య చెప్పనిచో, ఇంటిపేరు లేని ఇద్దరు మల్లయ్యలు మస్టరులో నిలిచినట్లు యంత్రము తికమకపడును. కావున ఏ తెర తీగను ఆ రంధ్రముననే పెట్టుట మేలు. తీగ తీయుటకు ముందు ముఖ్యమైన పుటను చిన్నతెర మీదికి లాగుకొనుట ఇంకను మేలు.

నా జాబితాను ఇప్పుడు కాగితము మీద కూడ వ్రాసి యుంచితిని. తెరకు తీగ మరల తగిలింపవచ్చును. ఆ పల్లెలకు అట్టి తీగ లేదు. కావున మీ ఊరి చెరువుల పేర్లు, కుంటల పేర్లు మీకు జ్ఞాపకమున్నంతలో పిల్లలచేత వ్రాయింపుడని వేడుచు, సెలవు గైకొందును.