ఓరుగంటి వీథి: క్రీడాభిరామంలోని పూటకూటి ఇల్లు, కోటలోని శిలాతోరణం

ఉపోద్ఘాతం

ఓరుగల్లు పేరులోనే రాయి ఉంది. ఒంటిరాతి గుట్టను బట్టి ఆ పేరు ఏర్పడిందనీ, దానికి సంస్కృత రూపంగా ఏకశిలానగరం అన్న వ్యవహారం స్థిరపడిందనీ పండితులు వివరిస్తారు. నగరచరిత్ర రాసినవారు కూడా ప్రధానంగా రాతినే ఆశ్రయించారు. కోటగోడలు, శిలాతోరణాలు, దేవాలయ శిథిలాలు, శాసనాలు వారికి ఆధారాలయ్యాయి. ఇవన్నీ రాజు, సామంతుడు, వర్తకసంఘం వంటి శక్తిమంతులు నిలిపినవి. ఆ ద్వారాల గుండా వచ్చిపోయిన మనిషి మధ్యాహ్నం ఎక్కడ తిన్నాడు, ఏం తిన్నాడు, ఎంత ఇచ్చాడు అన్న ప్రశ్నకు ఈ కట్టడాలు సమాధానం చెప్పవు. ఓరుగంటి విషయంలో ఆ సమాధానం ఒక కావ్యంలో దొరకడం తెలుగు సాహిత్యానికి దక్కిన అరుదైన అవకాశం. ఆ కావ్యం క్రీడాభిరామం. కోట శిల్పాన్నీ క్రీడాభిరామంలోని భోజన వర్ణననూ పక్కపక్కన పెట్టి చదివితే నగరం గురించి ఏం తెలుస్తుంది, అలా చదవడంలో పాటించవలసిన జాగ్రత్తలేవి అన్నది ఈ వ్యాసంలోని చర్చనీయాంశం.

కోట: నిలిచిన రాయి

ఓరుగంటి కోట నిర్మాణాన్ని గణపతిదేవుడు (1199-1262) చేపట్టగా రుద్రమదేవి (1262-1289) దాన్ని బలపరచి పూర్తిచేసింది. లోపలిది రాతికోట. దాని చుట్టూ కందకం, ఆ వెలుపల మట్టికోట ఉన్నాయి. రాతికోటకు నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు. ద్వారమార్గం తిన్నగా లోపలికి సాగదు. వచ్చేవాడు మలుపు తిరిగి ప్రవేశించవలసి ఉంటుంది. ఇది శత్రువు వేగాన్ని అడ్డుకొనే ఏర్పాటు. అయితే సంతకు బండి తోలుకొచ్చే రైతుకూ, దూరదేశపు వర్తకునికీ నగరంతో తొలి పరిచయం ఆ మలుపులోనే జరిగింది.

కోట నడుమ స్వయంభూదేవుని ఆలయం ఉండేది. దాని నాలుగు దిక్కులా నిలిపిన తోరణాలు నేటికీ చెక్కుచెదరక ఉన్నాయి. ఆలయం మాత్రం శిథిలాలుగా మిగిలింది. తోరణాల మీద పద్మాలు, హంసలు, మకరాలు వంటి అలంకారాలే తప్ప దేవతామూర్తులు ప్రధానంగా కనిపించవు కనుక అవి ధ్వంసం కాలేదన్న అభిప్రాయం ప్రచారంలో ఉంది. 1323లో కాకతీయ రాజ్యం పతనమై ఓరుగల్లు సుల్తాన్‌పూర్‌గా మారిన తర్వాత కొత్త పాలకులు ఆ తోరణాలను తమ మసీదు ప్రాంగణానికి దిక్చిహ్నాలుగా నిలుపుకొన్నారని ఫిలిప్ వాగొనర్ వంటి పరిశోధకులు ప్రతిపాదించారు. ఈ ప్రతిపాదన ఒక ముఖ్యమైన విషయాన్ని గుర్తు చేస్తుంది. పాత కట్టడం నిలవడానికి దాన్ని కట్టినవారి గొప్పతనం ఒక్కటే చాలదు. తర్వాతి వారికి కూడా దానితో ఏదో పని ఉండాలి. ఈ సూత్రం వంటకానికీ పద్యానికీ ఎలా వర్తిస్తుందో ముందు గమనించవచ్చు.

వీథి: ప్రక్రియ, ప్రదేశం

క్రీడాభిరామం రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామానికి తెలుగు రూపం. కర్త వినుకొండ వల్లభరాయుడని గ్రంథం చెబుతుంది. శ్రీనాథుని రచనగా భావించిన వేటూరి ప్రభాకరశాస్త్రి వాదం కూడా సాహిత్య చరిత్రలో ప్రసిద్ధం. దశరూపకాలలో ఒకటైన వీథి లక్షణాలతో వెలసిన రచన ఇది. వీథి అన్న మాటకు రూపకభేదమన్న అర్థంతో పాటు తెరువు అన్న అర్థం కూడా ఉండడం ఇక్కడ యాదృచ్ఛికంగా తోచదు. ఇందులో గోవింద మంచనశర్మ అనే బ్రాహ్మణుడు, టిట్టిభసెట్టి అనే వైశ్యమిత్రుడు ఓరుగంటి వీథుల్లో తెల్లవారినది మొదలు రాత్రి దాకా తిరుగుతారు. కథ స్వల్పం. నడకే ఇతివృత్తం.

ఆ నడకలో ఏకవీరాదేవి కొలువు కనిపిస్తుంది. మైలారదేవుని భక్తులైన గొరగల సాహసకృత్యాలు, జక్కుల పురంధ్రి గానం, పల్నాటి వీరుల కథ చెప్పే స్త్రీ, కోడిపందెం ఎదురవుతాయి. ప్రతాపరుద్రుని ప్రియురాలిగా పేరుపొందిన మాచలదేవి ఇంటి చిత్రశాల ప్రస్తావన వస్తుంది. కావ్యసంప్రదాయంలోని పురవర్ణన నగరాన్ని సాధారణంగా దూరం నుంచి చూస్తుంది. అగడ్త పాతాళాన్ని అంటుతుంది, కోట ఆకాశాన్ని తాకుతుంది, మేడల మీది స్త్రీలు చంద్రుణ్ని భ్రమింపజేస్తారు. ఏ నగరానికైనా సరిపోయే వర్ణన అది. క్రీడాభిరామం కోటను కొలవకుండా వీథిలోకి దిగుతుంది. అందువల్ల ఇందులోని ఓరుగల్లు మరొక ఊరి పేరు పెడితే సరిపోయే నగరం కాదు.

రూకకు భోజనం

మిత్రులిద్దరి నడకలో మధ్యాహ్న భోజనం పూటకూటి ఇంటి ప్రస్తావనకు దారితీస్తుంది. లక్ష్మణవజ్ఝల అనే గృహస్థు ఇంట ఒక రూక ఇస్తే దొరికే భోజనాన్ని కవి ఒకే పద్యంలో లెక్కపెడతాడు. కప్పురభోగి అన్న సన్నరకం బియ్యపు అన్నం, గోధుమపిండితో చేసిన వంటకం, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు అందులో ఉన్నాయి.

ప్రబంధాల్లో విందు వర్ణనలు తక్కువేమీ కావు. పెండ్లి పందిట్లో, రాజమందిరంలో, మఠంలో షడ్రసోపేతమైన భోజనాలు కనిపిస్తాయి. వాటిలో వడ్డించేవారికీ తినేవారికీ మధ్య బంధుత్వమో భక్తో దానధర్మమో ఉంటుంది. లక్ష్మణవజ్ఝల ఇంట ఆ మధ్య ఉన్నది రూక. ముక్కూమొహమూ తెలియని మనిషికి డబ్బు పుచ్చుకొని అన్నం పెట్టే ఇల్లు నడవాలంటే ఊళ్లో బంధువులు లేని బాటసారులు నిత్యం ఉండాలి. వారి చేతిలో నాణెం ఉండాలి. ఏ ఇంట తింటే ఆచారభంగం కాదో తెలిపే కులవ్యవస్థ కూడా ఉండాలి. ఈ మూడూ కలిస్తేనే పూటకూటి ఇల్లు. కోటకు ద్వారం ఎంత అవసరమో పరదేశికి పూటకూటి ఇల్లు అంత అవసరం. మొదటిది అతణ్ని ఊళ్లోకి రానిస్తుంది, రెండవది ఊళ్లో నిలవనిస్తుంది. ఈ కారణంగా దాన్ని నగర నిర్మాణంలో భాగంగానే పరిగణించవలసి ఉంటుంది.

చెరువు, సంత, వంటిల్లు

ఈ పద్యాన్ని కవి కల్పనగా కొట్టివేయలేమనడానికి రాతిలోనే సాక్ష్యం ఉంది. వరంగల్లులోని ఖాన్‌సాహెబ్ తోట శాసనం కాకతీయుల నాటి మట్టెవాడ సంతకు సంబంధించినది. సంతలో అమ్ముడుపోయే సరుకుల మీది సుంకాలు అందులో నమోదయ్యాయి. ధాన్యం, గోధుమలు, పెసలు, నువ్వులు, ఆవాలు, నెయ్యి, నూనె, తేనె, పసుపు, అల్లం వంటివి ఆ జాబితాలో కనిపిస్తాయి. లక్ష్మణవజ్ఝల విస్తరిలోని గోధుమపిండివంటకూ పెసరపప్పుకూ నేతికీ కావలసిన సరుకులు ఈ రాతి మీద ఉన్నాయి. సుంకం లెక్కలు రాసిన లేఖకునికి రుచితో పని లేదు, రుచిని చెప్పిన కవికి సుంకంతో పని లేదు. వేర్వేరు ప్రయోజనాలతో పుట్టిన రెండు రచనలు ఒకే వస్తువుల మీద ఏకీభవించడం వల్ల రెండింటి విశ్వసనీయతా పెరుగుతుంది.

సన్నబియ్యం వెనుక మరో నిర్మాణం ఉంది. పాకాల, రామప్ప చెరువులు గణపతిదేవుని కాలంలో ఆయన అధికారులూ సామంతులూ తవ్వించినవి. వర్షాధారపు మెట్టనేలలో వరి పండించిన శక్తి ఈ చెరువులది. కాకతీయ వాస్తు అనగానే వేయిస్తంభాల గుడి (1163), రామప్ప గుడి (1213) గుర్తుకు రావడం సహజం. కానీ విస్తరిలోకి అన్నం తెచ్చిన వాస్తు చెరువుకట్ట, తూము, మత్తడి. చెరువు, సంత, వంటిల్లు అన్న వరుసలో చూస్తే రూక భోజనం ఒక రాజ్యపు ఆర్థిక వ్యవస్థకు చివరి అంచుగా కనిపిస్తుంది.

ఎవరి భోజనం?

సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) నుంచి క్రీడాభిరామం సాంఘిక చరిత్రకు ప్రధానమైన ఆధారంగా గుర్తింపు పొందింది. రాజుల యుద్ధాల నుంచి ప్రజల తిండి, బట్ట, ఆటల వైపు చరిత్ర రచనను మళ్లించిన ఆ కృషి విలువ నేటికీ తగ్గలేదు. అయితే ఆ బాటలో నడిచిన తరువాతి వ్యాసాల్లో ఈ ఒక్క పద్యం ఆధారంగా కాకతీయుల నాటి ప్రజలందరూ సుభిక్షంగా తిన్నారని తీర్మానించే ధోరణి కనిపిస్తుంది. అది సాక్ష్యం మోయగల బరువు కాదు.

మొదటిది, పూటకూటి ఇల్లు బ్రాహ్మణ గృహం. అక్కడి విస్తరి సమాజంలో ఒక అంచెను మాత్రమే చూపుతుంది. పల్నాట సన్నన్నం దొరకక జొన్నకూడు తినవలసి వచ్చిందని వాపోయే చాటువులు శ్రీనాథుని పేర ప్రచారంలో ఉండడం మెట్టసీమల అసలు తిండిని తెలుపుతుంది. రెండవది, పద్యంలోని పదార్థాల సంఖ్యను బట్టి రూక విలువ కట్టడం సరికాదు. వర్ణన హాస్యశృంగార ప్రధానమైన రూపకంలోది; చవకగా దొరికే మంచి భోజనాన్ని మెచ్చుకొనే మాటలో కొంత అతిశయం సహజం. మూడవది, కావ్యం కాకతీయ నగరాన్ని చూపుతున్నా తెలుగు రచన ఆ రాజ్యం పడిపోయిన తర్వాతిది. పోయిన నగరాన్ని తలచుకొనేటప్పుడు దాని భోజనం మరింత రుచిగా తోచడం మానవ స్వభావం. పురావైభవాన్ని ఒక విస్తరిలో చూడాలన్న కోరిక కవిదీ కావచ్చు, పాఠకునిదీ కావచ్చు.

కోటకు రాళ్లెత్తిన కూలీ, చెరువు తవ్విన ఒడ్డెర, గొరగల ఆటకు చుట్టూ చేరిన జనం ఆ మధ్యాహ్నం ఏం తిన్నారో ఈ రూపకం చెప్పదు. వారి శ్రమ కట్టడంలో ఉంది, వారి కూడు కావ్యంలో లేదు. ఈ లోటును గుర్తించి చదవడమే సాంఘిక చరిత్రకు మేలు చేస్తుంది.

కోటలోని పొరలు, వంటలోని పొరలు

ఓరుగంటి కోటలో తోరణాలకు అనతిదూరంలోనే ఖుష్‌మహల్ ఉంది. వాలుగోడలు, లోపలి విశాలమైన కమానులు దాన్ని కాకతీయ నిర్మాణాల నుంచి వేరుచేస్తాయి. స్థానిక సంప్రదాయం దాన్ని షితాబ్‌ఖానుకు ముడిపెడుతుంది. వాగొనర్, జాన్ హెన్రీ రైస్ దాన్ని తుగ్లక్ కాలపు సభామందిరంగా నిరూపించే ప్రయత్నం చేశారు. కోటలో నేటికీ ఇళ్లున్నాయి, పొలాలున్నాయి. పాత ద్వారాల గుండా రహదారి సాగుతోంది. కోటను కాకతీయం అన్న ఒక్క ముద్రతో చూడలేమని దీనివల్ల తెలుస్తుంది.

వంటకాలకూ ఇదే దృష్టి అవసరం. నేటి వరంగల్లు వీథుల్లో మిరపకాయ బజ్జీ లేని సాయంకాలం ఉండదు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు, కారం కలిపి తట్టే సర్వపిండిని ఆ ప్రాంతపు అనాది వంటకంగా చెప్పుకోవడం పరిపాటి. కానీ మిరప, వేరుశనగ రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. పోర్చుగీసు వర్తకం మొదలైన తర్వాతనే అవి భారతదేశానికి చేరాయి. ప్రతాపరుద్రుడు కారపు మిరపకాయను ఎరుగడు. లక్ష్మణవజ్ఝల నంజుళ్లలో కారం ఉంటే అది మిరియానిదో అల్లానిదో అయి ఉండాలి. ఈ ఓరుగంటి ప్రాంతమే నేడు ఎనుమాముల మార్కెట్టు మిర్చికి పేరుపొందింది. వరంగల్ చపాట మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

దీనివల్ల సర్వపిండి విలువ తగ్గదు. బియ్యప్పిండి, నువ్వులు సంత శాసనం నాటి లోకానికి చెందినవి. మిరప, పల్లీ తర్వాతి శతాబ్దాలవి. పాత పునాది మీద కొత్త గోడ లేచినట్టు పాత పిండిలో కొత్త రుచి కలిసింది. తోరణం తర్వాతి పాలకులకు పనికివచ్చి నిలిచింది. సర్వపిండి తర్వాతి దినుసులను ఇముడ్చుకొని నిలిచింది. ఏదీ చేర్చుకోలేని కప్పురభోగి అన్నం పద్యంలో మాత్రమే మిగిలింది. 'కాకతీయుల నాటి వంటకాలు' అన్న పేరుతో నేడు సాగే ప్రచారం ఈ భేదాన్ని గమనించవలసి ఉంది.

ముగింపు

ఓరుగంటి చరిత్రలో రాయి రాజ్యాన్ని చెబుతుంది, సంత శాసనం సరుకును చెబుతుంది, క్రీడాభిరామం ఆ సరుకు విస్తరిలోకి చేరిన తీరును చెబుతుంది. ఏ ఒక్కటీ నగరాన్ని పూర్తిగా చెప్పదు. మూడింటినీ కలిపి చదివినప్పుడు పరదేశికి డబ్బు తీసుకొని అన్నం పెట్టగలిగిన నగరంగా ఓరుగల్లు స్పష్టమవుతుంది. ఆ అన్నం అందరిదీ కాదన్న విషయం కూడా అంతే స్పష్టమవుతుంది.

కాకతీయ తోరణం నేడు తెలంగాణ రాజముద్రలో ఉంది. దానికి రక్షణ చట్టాలున్నాయి, కంచె ఉంది, కాపలా ఉంది. పూటకూటి ఇంటికి కట్టడంగా ఆనవాలు లేదు. ఒక పద్యం తప్ప దానికి వేరే ఉనికి లేదు. కోటను కాపాడే బాధ్యత పురావస్తు శాఖది. పూటకూటి ఇంటిని కాపాడవలసిన బాధ్యత తెలుగు శాఖలది. పాఠ పరిష్కరణ, పదార్థ నిర్ణయం, శాసనాలతో పోల్చి చదవడం ఆ సంరక్షణలోని పనులు. నంజుడు అంటే ఏమిటో, కప్పురభోగి ఏ బియ్యమో అర్థం కాని తరానికి ఆ ఇంటి తలుపు మూసుకుపోతుంది.