పాణినీయమున దిక్కులును అవధులును

భూపటమున కలవాటుపడిన కన్నులతో ప్రాచీనగ్రంథములను జదువునపుడు మనకొక భ్రాంతి కలుగుచుండును. పటమున దేశమంతయు నింగినుండి చూచినట్లు ఒక్కమారే కానవచ్చును. ఉత్తరము పైని, దక్షిణము క్రింద స్థిరముగా నుండును. ప్రాచీనుల దేశభావన యిట్టిది గాదు. ఉదయించు సూర్యునకు అభిముఖుడై నిలిచినవానికి ముందున్నది ప్రాచి, వెనుకనున్నది ప్రతీచి, కుడిచేతి వైపున నున్నది దక్షిణము. దక్షిణశబ్దమునకు కుడి, తెన్ను అను రెండర్థములు కలుగుటకు ఇదియే హేతువు.

కావున ఎచ్చటనో నిలిచి చూచువాడు లేక దిక్కు లేదు. వ్యాకరణమును ఈ యంశమునే స్థాపించుచున్నది. దిగ్వాచకశబ్దయోగమున పంచమి విధింపబడినది. దేనినుండి తూర్పు అను ప్రశ్నకు ఉత్తరము లేనిదే పూర్వశబ్దమున కర్థము పూర్ణము గాదు. ఈ యవధినియమమునకే వ్యవస్థ యని పేరు. వ్యవస్థ తోచునపుడు ఉత్తరశబ్దమునకు ప్రథమాబహువచనమున ఉత్తరే, ఉత్తరాః అని రెండు రూపములు గలవు. ఉత్తరకురువులను జనవిశేషమునకు సంజ్ఞయైనచో ఉత్తరాః అను రూప మొక్కటియే సాధువు. అనగా అవధి నపేక్షించు దిక్కు వేరు, అవధిని విడిచి పేరైన దిక్కు వేరు అని పాణిని స్పష్టముగా నెరిగియున్నాడు.

దేశనిర్ణయమును ఇట్లే జరిగినది. మహాభాష్యకారుడు ఆర్యావర్తమును ఆదర్శమునకు తూర్పు, కాలకవనమునకు పడమర, హిమవంతమునకు దక్షిణము, పారియాత్రమునకు ఉత్తరము అని నిర్దేశించెను. మనుస్మృతి యన్ననో తూర్పు పడమటి సముద్రములను, హిమవద్వింధ్యములను అవధులుగా గొన్నది. పేరొక్కటియే, అవధులు వేరు. వీనిలో నొకటి సత్యము, వేరొకటి అసత్యము అని వాదించుట నిష్ఫలము. ఎవరు, ఏ ప్రయోజనమునకై ఆ యెల్లలను జెప్పిరని విచారింపవలయును.

అవధి సమీపించినకొలది చూపును సూక్ష్మమగును. విపాశానదికి, అనగా నేటి బియాసునకు, ఉత్తరపుటొడ్డున నున్న బావుల పేళ్లకు పాణిని ప్రత్యేకప్రత్యయమును విధించెను. దత్తుడు త్రవ్వించిన బావి యే యొడ్డుననైనను దాత్తమే. కాని ఉత్తరమున ఆద్యుదాత్తము, దక్షిణమున అంతోదాత్తము. సూత్రకారుని సూక్ష్మదృష్టికి కాశికాకారు లిచ్చట నాశ్చర్యపడిరి. ఉదీచ్యదేశమున నదికి ఆవల, ఈవల గల స్వరభేదమును గూడ వినిన యా మహర్షి, అశ్మకమును జనపదనామముగా మాత్రమే స్మరించెను. పాలిగ్రంథమగు సుత్తనిపాతము గోదావరీతీరమున జెప్పిన అస్సకము ఇదియే. అంతమాత్రమున ఆయన మన సీమ నెరుగడనరాదు. శబ్దసాధుత్వమే ఆయనకు బ్రధానము గాని దేశవర్ణనము గాదు.

కాన ప్రాచీనదేశములను విద్యార్థులకు బోధించునపుడు పటముపై నొక గీత గీచి ఇదియే యెల్ల యని చెప్పుట తగదు. ఏ గ్రంథము, ఏ యవధినుండి చెప్పినదో మొదట తెలుపవలయును. అవధిని మరచి దిక్కును గ్రహించినవాడు పంచమిని విడిచి వాక్యమునకు అర్థము చెప్పువానివంటివాడు.