దామెర్ల రామారావును పొట్టన పెట్టుకున్నది విధి కాదు

దామెర్ల రామారావు 1897 మార్చి 8న పుట్టి 1925 ఫిబ్రవరి 6న మశూచితో పోయాడు. జీవితమంతా డిఫెన్స్ అకౌంట్స్‌లో గడిపినవాణ్ణి కదా, తీసివేత చేసి చూశాను: ఇరవై ఎనిమిదేళ్ళకు నెల తక్కువ!

రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఈ కుర్రాడి ప్రతిభ గుర్తించి బొంబాయి జె.జె. స్కూల్లో చేరమని ప్రోత్సహించాడు. (అడివి బాపిరాజుకూ ఆయనే గురువు.) రామారావు తిరిగొచ్చి 1923లో రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టాడు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. ఆ రోజుల్లో ఆడవాళ్ళకు అది చిన్న సంగతేం కాదు.

ఆయన గురించి రాసేవాళ్ళు తరచూ "అల్పాయుష్కుడు", "విధి వక్రించింది" అంటారు. నా అభ్యంతరం అక్కడే. జెన్నర్ టీకా 1796లో వచ్చింది, 1802కి బొంబాయి చేరింది. రామారావు పోయేనాటికి దాని వయసు 129 ఏళ్ళు. మన ఊళ్ళలో మాత్రం మశూచి జబ్బు కాదు, "అమ్మవారు". మందుకు బదులు వేపమండలు, మొక్కులు. టీకాలవాళ్ళు వస్తే పిల్లల్ని దాచడం. 1975 తర్వాత ఈ దేశంలో మశూచి ఎవరికీ రాలేదు. అమ్మవారు శాంతించినందుకా? టీకాలవాళ్ళు ఇల్లిల్లూ తిరిగినందుకా?

భిలాయి నుంచి గోదావరి వైపు వెళ్ళే మిత్రులు రాజమండ్రిలో దిగి, ఆయన పేరిట ఉన్న గ్యాలరీ చూసి రండి.