శ్రవణ రక్షణ సాధనాలు

పెద్ద శబ్దం చేసే యంత్రాల వద్ద పనిచేయువారు వినికిడి దెబ్బతినకుండా ధరించే పరికరాలను శ్రవణ రక్షణ సాధనాలు అంటారు. చెవి రంధ్రంలో అమర్చుకొనే ఇయర్ ప్లగ్‌లు, చెవి మొత్తాన్ని కప్పే ఇయర్ మఫ్‌లు వీటిలో ముఖ్యమైనవి. ఓడరేవు, హిందుస్తాన్ షిప్‌యార్డు, ఉక్కు కర్మాగారం, గాజువాక ఆటోనగర్‌లోని చిన్న వర్క్‌షాపులు గల విశాఖపట్నం వంటి నగరంలో వీటి అవసరం ఎక్కువ.

వినికిడి దెబ్బతినే విధం

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కర్ణావర్తంలో సూక్ష్మమైన రోమకణాలు ఉంటాయి. తీవ్రమైన శబ్దానికి ఇవి నశిస్తాయి. మానవులలో ఇవి తిరిగి పుట్టవు. మొదట సుమారు 4000 హెర్ట్జ్ వద్ద వినికిడి తగ్గుతుంది. మామూలు సంభాషణ చాలావరకు ఇంతకన్నా తక్కువ పౌనఃపున్యంలో ఉంటుంది కనుక, నష్టం చాలాకాలం బయటపడదు. నొప్పి కూడా ఉండదు.

ఓడల నిర్మాణంలో ఈ జబ్బు పాతదే. 1886లో గ్లాస్గో నగరంలో థామస్ బార్ అనే వైద్యుడు రివెట్లు కొట్టే వందమంది బాయిలరు కార్మికులను పరీక్షించగా, ఒక్కరికీ వినికిడి సక్రమంగా లేదు. రివెట్ల స్థానంలో వెల్డింగు వచ్చినా, ఉక్కు రేకులపై గ్రైండింగు, చిప్పింగు పనుల మోత తగ్గలేదు. ఉక్కు కర్మాగారాలలో బ్లోయర్లు, కంప్రెసర్లు, రోలింగు మిల్లులు ప్రధాన శబ్ద కారకాలు.

పరిమితులు

భారతదేశపు కర్మాగారాల నమూనా నియమాలలో 8 గంటల పనికి 90 డెసిబెళ్ళు పరిమితి. 95 డెసిబెళ్ళ వద్ద 4 గంటలు, 100 వద్ద 2 గంటలు, 105 వద్ద ఒక గంట మాత్రమే. అమెరికాలోని నియాష్ సంస్థ 1998లో 8 గంటలకు 85 డెసిబెళ్ళే సూచించింది. శాస్త్రీయంగా ఇదే సమంజసం.

ఆరుబయట పనులకు కూడా ఇది వర్తిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకు విశాఖలో కూలిన చెట్లను తొలగించడానికి మోటారు రంపాలను వాడారు. ఈ రంపాల మోత సాధారణంగా 100 డెసిబెళ్ళు దాటుతుంది.

వాడే పద్ధతి

నురుగు ప్లగ్‌ను శుభ్రమైన చేతులతో సన్నగా నలిపి, రెండవ చేతితో చెవిని పైకి, వెనుకకు లాగి లోపలికి పెట్టి, అది ఉబ్బేవరకు అరనిమిషం అదిమి ఉంచాలి. పైపైన పెట్టిన ప్లగ్ వలన ప్రయోజనం స్వల్పం. దూది పనికిరాదు. మఫ్ అంచు కింద కళ్ళజోడు కాడ, జుట్టు ఉంటే సందులు ఏర్పడి శబ్దం లోపలికి వస్తుంది.

విశాఖ ఉక్కపోతలో మఫ్‌ను మాటిమాటికి తీయడం సహజం. నష్టం అక్కడే జరుగుతుంది. డెసిబెల్ లాగరిథమ్ కొలత. అందువలన 30 డెసిబెళ్ళు తగ్గించే సాధనాన్ని 8 గంటల షిఫ్టులో కేవలం 48 నిమిషాలు తీసివేస్తే, మొత్తంమీద లభించే రక్షణ సుమారు 10 డెసిబెళ్ళకు పడిపోతుంది. సగం షిఫ్టు తీసివేస్తే మిగిలేది 3 మాత్రమే. కాబట్టి ఎక్కువ అంకె గల మఫ్ కన్నా, షిఫ్టు అంతా ఉంచుకోగల తేలికపాటి ప్లగ్ మేలు. ప్లగ్, మఫ్ కలిపి ధరించినా వాటి అంకెలు కూడవు. అదనంగా 5 డెసిబెళ్ళ వరకే లభిస్తుంది. అవసరానికి మించిన సాధనం వలన క్రేను హెచ్చరిక వినబడని ప్రమాదం కలదు.

చట్టం, పరీక్షలు

శబ్దం వలన కలిగే వినికిడి లోపాన్ని 1948 నాటి కర్మాగారాల చట్టపు మూడవ షెడ్యూలులో, ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధులలో చేర్చారు. దీనిని ఆడియోమెట్రీ పరీక్షతో గుర్తిస్తారు. షిఫ్టు ముగిసిన వెంటనే పరీక్షిస్తే తాత్కాలిక మాంద్యం కూడా కలిసిపోతుంది కనుక, అమెరికా నిబంధనలలో తొలి పరీక్షకు ముందు 14 గంటలపాటు పని శబ్దానికి దూరంగా ఉండాలని నిర్దేశించారు.