ఎఫ్రాయిము

1840లో నెల్లూరులో కాలుమోపిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ వల్ల కోస్తా పల్లెలకు, ముఖ్యంగా మాదిగవాడలకు, బైబిలు పేర్లు చుట్టాలయ్యాయి. వాటిలో ఎఫ్రాయిము ఒకటి. హీబ్రూలో 'ఫలించడం' అనే ధాతువుతో ముడిపడ్డ పేరిది. అన్నలు అమ్మేస్తే ఐగుప్తు చేరిన యోసేపు, తాను కష్టాలు పడ్డ నేలమీదే ఫలించానని రెండో కొడుక్కి ఈ పేరు పెట్టుకున్నాడు.

గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో ఇది ఒక సమాజానికే పేరైంది. బెనె ఎఫ్రాయిమ్, అంటే ఎఫ్రాయిము సంతతి. బాప్టిస్టులుగా ఉన్న కొన్ని మాదిగ కుటుంబాలు యూదు ఆచారాలు పట్టి, 1991లో అక్కడ సినగాగు, అంటే యూదుల ప్రార్థనా మందిరం, పెట్టుకున్నాయి.

యూదులు తోరాను, అంటే బైబిలు తొలి ఐదు గ్రంథాలను, 54 భాగాలు చేసి వారం వారం చదువుకుంటారు. ఒక్కో భాగం పరాషా. ఆదికాండంలో చివరి పరాషా పేరు 'వయెహీ', 'అతడు జీవించెను' అని. తీరా చదివితే అందులో ఉన్నది యోసేపు తండ్రి యాకోబు మరణం! పోయేముందు ఆ తాత మనవళ్లను దీవిస్తూ చేతులు అడ్డంగా మారుస్తాడు. కుడిచెయ్యి పెద్దవాడు మనష్షే మీద కాక చిన్నవాడు ఎఫ్రాయిము తలమీద పెడతాడు. యోసేపు వారించినా వినడు. ఊరు వెనక్కి నెట్టేసిన మాదిగలు, ఇలా ముందుకొచ్చిన చిన్నవాడి పేరునే పట్టుకోవడం కాకతాళీయమని నేననుకోను. ఎఫ్రాయిముతో వాళ్ల వంశసంబంధం రుజువు కాలేదన్నది వేరే చర్చ.

శుక్రవారం రాత్రి యూదుల ఇళ్లలో కొడుకులను నేటికీ ఈ అన్నదమ్ముల పేర్లతోనే దీవిస్తారు. తమ్ముడి పేరే ముందు పలుకుతారు.