అమ్మమ్మ కత్తిపీట

రెండేళ్ళ క్రితం కోనసీమలోని మా అమ్మమ్మగారి పెంకుటిల్లు పడగొట్టే ముందు, బంధువులు అటక మీది సామానంతా కిందికి దించారు. గంగాళాలు, ఇత్తడి బిందెలు, రాగి చెంబులు ఎవరికి కావలసినవి వారు పంచుకున్నారు. చివరికి గోడ వారగా ఒక కత్తిపీట మిగిలింది. ఎర్రగా తుప్పు పట్టి, పీట ఒక మూల పుచ్చిపోయి ఉన్న ఆ వస్తువును ఎవరూ కోరలేదు. పాత ఇనుము కొనేవానికి వేయడానికి పక్కన పెట్టగా మా అమ్మ చూసి, గోనెగుడ్డలో చుట్టించి, విమానంలో వేసే పెద్ద పెట్టె అడుగున పెట్టుకొని ఈ దేశానికి తెచ్చుకున్నది. ఆ కత్తిపీటను బాగుచేసే పని నాకు అప్పగించింది. ఆ పనిలో నేను నేర్చుకున్న చరిత్రను పాఠకులతో పంచుకోవడానికే ఈ వ్యాసం.

పేరు, రూపం

కత్తిపీట అంటే కత్తి బిగించిన పీట. పీఠం అనే సంస్కృత పదం తెలుగులో పీట అయింది. దేవుని విగ్రహం కొలువుండేది పీఠం. వధూవరులు కూర్చునేవి పెళ్ళిపీటలు. అప్పడాలు ఒత్తేది అప్పడాల పీట. వంటింట్లోని కత్తిపీట కూడా ఆ కుటుంబంలోనిదే.

చాకుతో కోసేటప్పుడు కూర కదలకుండా ఉంటుంది, చేయి కదులుతుంది. కత్తిపీట మీద కత్తి కదలదు, కూర కదులుతుంది. నేల మీద కూర్చొని, పీటను ఒక పాదంతో అదిమిపెట్టి, రెండు చేతులతో కూరను పట్టి, మనవైపు తిరిగి ఉన్న పదునుకు ఆనించి ముందుకు తోస్తాము. రెండు చేతులూ కూర మీదనే ఉండటం వల్ల గుమ్మడికాయ వంటి పెద్ద కాయ అయినా, గుప్పెడు గోంగూర అయినా అదుపులో ఉంటుంది. గుత్తివంకాయను తొడిమ ఊడకుండా నాలుగు పక్షాలుగా చీల్చడానికి దీనిని మించిన సాధనం లేదని మా అమ్మ నమ్మకం.

ఈ సాధనం మనకు మాత్రమే పరిమితం కాదు. తమిళులు దీనిని అరివాళ్‌మణై అంటారు. కన్నడిగులు ఈళిగె మణె అంటారు. మరాఠీలో విళీ, బెంగాలీలో బొంటి. నేల మీద కూర్చొని వండుకొన్న పలు ప్రాంతాలలో ఇది ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. కొన్నింటికి కత్తి చివర పళ్ళు ఉంటాయి. అవి కొబ్బరి కోరడానికి. మన ఊళ్ళలో ఆవకాయ కాలంలో మామిడికాయలను టెంకతో సహా కొట్టడానికి వాడే బరువైన కత్తిపీట వేరు.

పిల్లలు గమనించవలసిన మాట ఒకటి ఉన్నది. కూరలు, కాయలు కోసే పనికి తెలుగులో ఎన్నో మాటలున్నాయి. కూర తరుగుతాము, పండు కోస్తాము, సొరకాయ చెక్కు తీస్తాము, వంకాయ చీలుస్తాము, కొబ్బరికాయ కొడతాము, కొబ్బరి కోరుతాము. పనిముట్టు మూలపడితే ఈ మాటలు కూడా దానితో పాటు మూలపడతాయి.

ఇనుము, ఉక్కు

తెలుగు నేలకు ఇనుముతో ఉన్న సంబంధం చాలా పాతది. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం ఒకప్పుడు ఉక్కుకు పేరుపడిన గ్రామం. మట్టి మూసలలో ఇనుమును కర్బనం గల పదార్థాలతో కలిపి, మూత బిగించి, కొలిమిలో కరిగించి, మెల్లగా చల్లార్చి అక్కడి పనివారు ఉక్కు ముద్దలు తీసేవారు. హెన్రీ వాయ్‌సే అనే వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ పనిని స్వయంగా చూసి వ్రాసిన వర్ణన, ఆయన మరణించిన తరువాత 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. ఆ ఉక్కు కోసం ఇరాన్ దేశపు వర్తకులు అంత దూరం నుంచి ఆ గ్రామానికి వచ్చేవారు. అటువంటి ఉక్కుతోనే పడమటి ఆసియాలో ప్రసిద్ధమైన ఖడ్గాలు తయారయ్యేవి.

దక్షిణ భారతదేశపు ఈ ఉక్కును ఐరోపావారు వూట్జ్ అని పిలిచారు. ఉక్కు అనే ద్రావిడ పదమే వారి నోట అలా మారిందని పలువురు పండితుల అభిప్రాయం. 1795లో జార్జ్ పియర్సన్ లండన్‌లోని రాయల్ సొసైటీకి ఈ లోహంపై ఒక పత్రం సమర్పించాడు. తరువాతి కాలంలో మైఖేల్ ఫారడే సైతం దీని రహస్యం తెలుసుకోవడానికి ప్రయోగాలు చేశాడు.

అయితే మన వంటింటి కత్తిపీటలన్నీ ఆ మేలిజాతి ఉక్కుతో చేసినవని చెప్పుకుంటే అది అతిశయోక్తి అవుతుంది. పంతొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండు నుంచి చవకగా దిగుమతి అయిన ఇనుము ముందు మన మూసలు, బట్టీలు నిలవలేక క్రమంగా చల్లారిపోయాయి. ఊరి కమ్మరి కొలిమి మాత్రం చల్లారలేదు. ఆయనకు దొరికినదే ఆయన ముడిసరుకు. ఎడ్లబండి చక్రానికి తొడిగిన ఇనుప పట్టా అరిగిపోతే అది కొడవలి అయ్యేది, గునపం అయ్యేది, కత్తిపీట అయ్యేది. లారీలు వచ్చిన తరువాత వాటి కమాను పట్టీలు ఆ పనికి వచ్చాయి.

కత్తిపీటకు ఇద్దరు పనివారు కావాలి. కత్తి కమ్మరి పని, పీట వడ్రంగి పని. రైతులు వారికి పనిపనికీ డబ్బు ఇచ్చేవారు కారు. పంట ఇంటికి వచ్చినప్పుడు కళ్ళంలో ధాన్యం కొలిచి ఇచ్చేవారు. దానిని మేర అనేవారు. ఏడాది పొడవునా నాగలి కర్రు సాగదీయడం, కొడవలికి కక్కు కొట్టడం, కత్తిపీటకు పదును పెట్టడం ఆ మేరలోనే ఇమిడి ఉండేవి. అందువల్ల పనిముట్టు పాడైతే పారవేయాలనే ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు; బాగుచేయించడమే రివాజు. 1913లో షెఫీల్డు నగరంలో హ్యారీ బ్రియర్లీ తుప్పుపట్టని ఉక్కును కనుగొన్నాడు. అందులో కలిసే క్రోమియం గాలి తగలగానే సన్నని పొరగా ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుంది. కొన్ని దశాబ్దాలకు ఆ స్టెయిన్‌లెస్ స్టీలు మన వంటిళ్ళను ఆక్రమించింది, నిలబడి వండే గట్టు వచ్చింది, కత్తిపీట అటకెక్కింది.

తుప్పు వదిలించడం

రాగికి, ఇత్తడికి పట్టేది చిలుము. ఇనుముకు పట్టేది తుప్పు. చిలుము లోహాన్ని అంటిపెట్టుకొని చాలావరకు పైననే ఉండిపోతుంది. తుప్పు అలా కాదు. ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో, తేమతో కలిసినప్పుడు ఏర్పడే ఈ ఎర్రటి పదార్థం ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుచేత పెచ్చులుగా ఊడి, లోపలి ఇనుమును మళ్ళీ గాలికి అప్పగిస్తుంది. వాడుకలో ఉన్న కత్తి రోజూ తుడుపు పడి నిలుస్తుంది, అటక మీది కత్తి తనను తానే తింటుంది.

నేను మొదట ఒక పొరపాటు చేశాను. పని త్వరగా ముగించాలని విద్యుత్తుతో తిరిగే సాన చక్రాన్ని పట్టుకొని కత్తి మొదలు వద్ద ఆనించాను. నిప్పురవ్వలు లేచాయి. క్షణాలలో పదును అంచున బొటనవేలంత మేర నీలిరంగు మచ్చ తేలింది. ఉక్కు సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే ఆ రంగు వస్తుంది. కమ్మరి కాల్చి, నీటిలో ముంచి ఇచ్చిన గట్టిదనం ఆ వేడికి సడలిపోతుంది. ఆ చోట ఇప్పటికీ పదును నిలవదు. నా తొందరకు అది గుర్తుగా మిగిలింది.

చక్రాన్ని పక్కన పెట్టి అమ్మ చెప్పినట్టు చేశాను. ముందు కొబ్బరి పీచుతో పొడి తుప్పును రాల్చాను. తరువాత చిక్కటి చింతపండు గుజ్జును కత్తికి మాత్రమే పట్టించాను, చెక్కకు తడి తగలనీయలేదు. చింతపండులోని ఆమ్లం తుప్పును కరిగిస్తుంది. ఎక్కువసేపు వదిలితే మంచి ఇనుమును కూడా తింటుంది కనుక గంటకొకసారి తుడిచి చూసుకోవాలి. మూడు విడతలు అయ్యాక వంటసోడా కలిపిన నీటితో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టాను.

అప్పుడు కత్తి మీద ఒక వింత కనిపించింది. వెన్ను వైపు లోహం లేత బూడిదరంగులో ఉన్నది. పదును వెంట సన్నని ముదురు చార ఒకటి సాగింది. కర్బనం ఎక్కువగా ఉన్న ఉక్కు ఆమ్లానికి నల్లబడుతుంది, మెత్తని ఇనుము అంతగా నల్లబడదు. అంటే కమ్మరి మెత్తని ఇనుప పట్టాకు అంచున మాత్రమే ఉక్కును కొలిమిలో అతికించాడు. ఉక్కు ఖరీదైనది కనుక కోసే చోటనే పెట్టాడు. వెన్ను మెత్తగా ఉంటే కత్తి విరగదు. "మా నాన్న బండి పట్టా ముక్క ఇస్తే కమ్మరాయన చేశాడు. ఉక్కు వేయించమని మా అమ్మ పట్టుబట్టిందట" అన్నది అమ్మ.

కత్తి నడుమ లోపలికి వంగిన అరుగుదల ఒకటి ఉన్నది. ఆకురాయితో మిగతా అంచును కూడా దానితో సమానంగా అరగదీసి, కత్తిని తీరుగా చేయాలని నా ఉద్దేశం. అమ్మ నా చేయి పట్టుకొన్నది. "ఆగరా! అది మా అమ్మ కోసి కోసి అరిగిన చోటు. నేను కూడా అక్కడే కోశాను. దాన్ని అలా ఉండనీ" అన్నది.

ఆమె మమకారంతో అన్న మాట అది. కాని తరువాత పరికించి చూస్తే పనితనం దృష్టితోను అదే సరైన మాట. ఆ అరుగుదల వద్ద ఉక్కు చార దారమంత సన్నగా మిగిలి ఉన్నది. అంచునంతటినీ ఆ లోతుకు తెస్తే మిగిలిన ఉక్కంతా పొడిగా రాలిపోయేది. చూపుకు అందమైన కత్తి మిగిలేది గాని, పదును పెడితే నిలిచే కత్తి మిగిలేది కాదు. ప్రతి సానకూ కొంత ఉక్కు ఖర్చవుతుంది. ఒక కుటుంబం ఎన్నో ఏళ్ళు భోజనం చేయగా మిగిలిన ఉక్కు అది. దానిని అందం కోసం ఖర్చు చేసే హక్కు నాకు లేదు.

కనుక పాత వస్తువును బాగుచేయదలచిన వారికి నేను చెప్పగలిగినది ఇంతే. ఎర్రటి తుప్పును తీయండి, దాని కింద గట్టిగా పట్టి ఉన్న నల్లని పొరను ఉంచండి. అది కొంత రక్షణ ఇస్తుంది. పదునును చేతితో, నూనెరాతి మీద, అవసరమైనంతే పెట్టండి. వాడిన ప్రతిసారీ కడిగి, తుడిచి, ఒక చుక్క కొబ్బరినూనె రాయండి. పచ్చి అరటికాయ, నిమ్మకాయ కోసినప్పుడు కత్తి నల్లబడుతుంది, భయపడనక్కరలేదు. అరటి ముక్కలను మజ్జిగ కలిపిన నీటిలో వేస్తే అవి నల్లబడవు.

పుచ్చిన మూలను గీరి, కొత్త చెక్క అతికించాను. పాదం ఆనే చోట నునుపుగా అరిగిన చెక్కను ముట్టుకోలేదు.

అమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఇప్పుడు నేల మీద కూర్చోలేదు. మొన్న దసరాకు కత్తిపీటకు పసుపు, కుంకుమ పెట్టి, ఆ మరునాడు తాను కుర్చీలో కూర్చొని, పన్నెండేళ్ళ మా అమ్మాయిని నేల మీద కూర్చోబెట్టింది. "పాదం గట్టిగా ఆనించు తల్లీ. కత్తి వైపు కాదు, కాయ వైపు చూడు. వేళ్ళు వెనక్కి" అంటూ ఒక్కొక్క మాట చెప్పింది. మొదటి బెండకాయ వంకరగా తెగింది. పదవ కాయకు ముక్కలు కొంత సమంగా వచ్చాయి. ఆ పిల్ల కోసింది కూడా ఆ అరిగిన చోటనే. చేతులు వాటంతట అవే అక్కడికి వెళతాయి.

పని అయ్యాక అది లేచి కత్తిపీటను దాటబోయింది. "దాటకూడదమ్మా. ముందు పక్కకు వాల్చి పెట్టు" అన్నది అమ్మ. మా అమ్మాయి వంగి, కత్తి గోడవైపు ఉండేట్టు దానిని వాల్చి పెట్టింది.