తుప్పు పట్టినా తుపాకీయే

బొబ్బిలి కోట మ్యూజియంలో పాత ఆయుధాల ముందు ఓ పిల్లాడు నిలబడిపోయాడు. కత్తులు, బల్లేలు వాడికి పట్టలేదు. చూపంతా తుపాకీ మీదే. “తాతా, ఇది ఇప్పుడు పేల్తాదేటి?” అన్నాడు. “మందు కూరితే పేల్తాది గానీ, కూరీవోడేడీ?” అన్నాడు తాత, వాణ్ని ముందుకు లాక్కుపోతూ.

ఆ ప్రశ్నకూ ఆ జవాబుకూ మధ్యే మన ఆయుధ చట్టం కూర్చుని ఉంది. పిల్లాడు అడిగిందే అదీ అడుగుతుంది, ఇంకాస్త మెలిపెట్టి. 1959 నాటి చట్టంలో 45వ సెక్షన్ కొన్నిటికి మినహాయింపులిచ్చింది. కాలం చెల్లిన నమూనా తుపాకీ, పురావస్తు విలువున్న తుపాకీ, పాడైపోయిన తుపాకీ ఆ జాబితాలో ఉన్నాయి. అయితే ఒక షరతు. అలాగే ఉంచినా, మరమ్మతు చేసినా కూడా అది తుపాకీగా పనికిరాకూడదు. ఎంత పాతది, ఏ రాజుగారిది, ఏ యుద్ధంలో పేలింది అన్నవి చట్టానికి అక్కర్లేదు. బాగుచేస్తే పేలుతుందా? పేలుతుందంటే అది తుపాకీయే.

ఈ ‘మరమ్మతు’ అన్న మాట బరువు తెలియాలంటే పాత చెకుముకి తుపాకీని దగ్గర నుంచి చూడాలి. గొట్టం వెనకకొసన పక్కగా సన్నటి బెజ్జం ఒకటుంటుంది. దాని కింద గిన్నెలో చిటికెడు రంజకం, అంటే అంటించే మందు, పోస్తారు. పైన గుర్రం అనే సుత్తి, దాని దవడల మధ్య చెకుముకి రాయి. మీట నొక్కితే గుర్రం దూకి రాయి ఉక్కుకి కొట్టుకుంటుంది. నిప్పురవ్వ రంజకంలో పడి, ఆ మంట బెజ్జంలోంచి లోపలి మందుకు అంటుకుంటుంది. రెండు వందలేళ్లు గోడకు వేలాడిన తుపాకీలో ముందు చెడేవి స్ప్రింగూ, ఆ బెజ్జమూ. బెజ్జం తుప్పుతో పూడుకుపోతుంది. చూసినవాళ్లు పనికిరాని ఇనుమనుకుంటారు. గొట్టం గట్టిగా ఉంటే మాత్రం పూడిక తీయడం చేయి తిరిగిన కమ్మరికి పెద్ద పనేం కాదు. అందుకే చట్టం చెడిపోయిందా అని అడిగి ఊరుకోలేదు, బాగుపడుతుందా అని కూడా అడిగింది. ఆ బాగుచేసే పనికీ లైసెన్సు కావాలంది 5వ సెక్షన్. కోట బురుజు మీది ఫిరంగుల సంగతి ఇంకా తమాషా. చట్టం లెక్కలో ఫిరంగి నిషిద్ధ ఆయుధాల కోవలోకి వస్తుంది. తుప్పే దాన్ని కాపాడుతోంది.

తుపాకుల విషయంలో ఈ నేల అనుభవం చిన్నదేం కాదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద విజయనగరం పూసపాటి విజయరామరాజు పక్షాన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు మోగాయి. అంత మందుగుండు చప్పుడు మధ్య జనం నోట నిలిచింది మాత్రం బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడి కత్తే. రాజాం నుంచి వచ్చి, డేరాలో నిద్రిస్తున్న విజయరామరాజును అతను పొడిచి చంపాడని మన కథల మాట. 1794 జులై 10న పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరాడి విజయనగరం రాజు చిన విజయరామరాజు నేలకొరిగాడు. జమీందార్లు సొంత సైన్యాలతో ఎదురు నిలిచే రోజులకు ఈ సీమలో అదే ముగింపు మొదలు.

ఆ తర్వాత తుపాకీని యుద్ధం చేసి కాకుండా కాగితం రాసి లాక్కోవడం నేర్చుకున్నారు దొరలు. 1857 తిరుగుబాటు చూసి బెదిరినవాళ్లు, 1878లో వైస్రాయి లిట్టన్ హయాంలో దేశమంతటికీ ఆయుధ చట్టం తెచ్చారు. నల్లవాడికి లైసెన్సు, తెల్లవాడికి మినహాయింపు. ఆ వివక్ష తొలగడానికి 1920 దాకా పట్టింది. దేశభాషా పత్రికల నోరు నొక్కే చట్టం వచ్చిందీ ఆ 1878లోనే. కలానికీ తుపాకీకీ ఒకే ఏడాది తాళం వేశాడు లిట్టన్.

పద్మనాభం పక్కనే పాండ్రంగి. 1897లో అల్లూరి సీతారామరాజు పుట్టింది అక్కడే. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద పడి 26 తుపాకులు పట్టుకుపోయాడు. ఖజానాల జోలికి పోకుండా నేరుగా స్టేషన్ల మీదికి ఎందుకెళ్లాడో 1878 చట్టం చదివితే తెలుస్తుంది. పనికొచ్చే తుపాకీ ఇంకెక్కడుంది గనక?

ఇక మన్యం. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు గిరిజన సంఘం మహాసభకు వెళ్తున్నవాళ్ల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ ప్రాంతమంతా అప్పట్లో శ్రీకాకుళం జిల్లాయే. ఇప్పుడు పార్వతీపురం మన్యం. ఆ తర్వాత రెండు మూడేళ్లు సాగిన శ్రీకాకుళ గిరిజన పోరాటంలో జాతాపులు, సవరల చేతుల్లో కనిపించినవి విల్లంబులూ, నాటు తుపాకులూ. 1970 జులై 10న దాని నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోవడంతో ఆ ఘట్టం దాదాపు ముగిసింది. నాటు తుపాకీ మాత్రం ముగియలేదు.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. ఆ నాటు తుపాకీని చేతిలోకి తీసుకుని చూడండి (చేతిలోకి తీసుకోవడం నేరం, ఊహలో చూడండి). గొట్టం మూతిలోంచి మందు పోసి, పీచు కూరి, రవ్వలు వేసి, గజంతో దట్టించాలి. బొబ్బిలి మ్యూజియంలో పిల్లాడు చూసిన తుపాకీకీ దీనికీ పద్ధతిలో తేడా ఏమంత లేదు. దొరల దేశంలో సుమారు నూట యాభై ఏళ్ల కిందట చరిత్రలోకి వెళ్లిపోయిన యంత్రం, మన కొండల్లో నిన్నమొన్నటి దాకా అడవి పంది వేటకు పనికొచ్చింది. ‘కాలం చెల్లిన నమూనా’ అన్న మాట ఇక్కడ అంత తేలిగ్గా అతకదు.

బ్రిటన్‌లో గీత వేరేచోట గీశారు. 2007 అక్టోబరు నుంచి అక్కడ అసలుదనిపించే నకిలీ తుపాకీ తయారీ, అమ్మకం నిషేధించారు. నాటకాలకు, సినిమాలకు, మ్యూజియాలకు వెసులుబాటు ఉంది. 1870కి ముందటి నమూనాలకు మాత్రం ఈ నిషేధం వర్తించదు. అంటే బొబ్బిలి యుద్ధం నాటి తుపాకీకి పేలని నకలు చేసి లండన్‌లో అమ్ముకుంటే ఎవరూ అడ్డుచెప్పరు. ఆ గీతే పార్వతీపురంలో గీస్తే అడవిలో కమ్మరి చేసే తుపాకీ కూడా పాత నమూనాయే అయిపోతుంది! ఈ ఒక్క విషయంలో 1959 నాటి మనవాళ్ల తెలివికి నేను దండం పెడతాను.

గొట్టానికి అడ్డు కొట్టి, లోపల వెల్డింగు పెట్టి, ‘ఇది ఇక పేలదు’ అని తేల్చిన తుపాకీని పడమటి దేశాల్లో డీయాక్టివేటెడ్ అంటారు. అలా తేల్చే పని బ్రిటన్‌లో ప్రూఫ్ హౌస్‌లది. అవి ముద్ర వేసి కాగితం ఇస్తాయి. అలాంటి కాగితాలను ఐరోపా చాలాకాలం నమ్మింది. 2015 జనవరిలో పారిస్ కాల్పుల్లో వాడిన తుపాకుల్లో, ఉత్త చప్పుడు చేసేవిగా మార్చి స్లొవేకియాలో అమ్మినవి ఉన్నాయని తేలాక కళ్లు తెరిచింది. ఎలా చెడగొడితే మళ్లీ బాగుపడదో సభ్యదేశాలన్నిటికీ ఒకే ప్రమాణం పెట్టి 2016 ఏప్రిల్ నుంచి అమలు చేసింది. మన 45వ సెక్షన్ అడిగే ‘మరమ్మతు చేస్తే?’ అన్న ప్రశ్నే వాళ్లు దాదాపు అరవై ఏళ్లు ఆలస్యంగా వేసుకున్నారన్నమాట.

బొమ్మ తుపాకుల సంగతికొస్తే, దీపావళికి రీలు పెట్టి టపటపలాడించే తుపాకీకి చట్టం అడ్డు రాదు. బొమ్మగా తప్ప దేనికీ పనికిరానిదీ, ఆయుధంగా మార్చడానికి వీల్లేనిదీ అసలు ఆయుధమే కాదని నిర్వచనంలోనే ఉంది. పులివేషం వెంట తిరిగే వేటగాడి కర్ర తుపాకీ కూడా అంతే. పేలినా పేలకపోయినా తుపాకీలా కనిపించే దేన్నయినా ‘నకిలీ తుపాకీ’ అంటుంది 6వ సెక్షన్. లైసెన్సు లేకుండా దాన్ని అసలు తుపాకీగా మార్చడం నేరం. 28వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసింది. అరెస్టు తప్పించుకోవడానికి నకిలీ తుపాకీ చూపించి బెదిరించినా ఏడేళ్ల దాకా జైలు, జరిమానా. అక్కడ తుపాకీ పేలాల్సిన పనే లేదు, ఎదుటివాడు హడలిపోవాలని చూస్తే చాలు.

2019 డిసెంబరులో చట్టాన్ని సవరించినప్పుడు దెబ్బ తగిలింది పాత లోగిళ్లకి. అప్పటిదాకా ఒక్కరికి మూడు తుపాకులు చెల్లేవి, ఇప్పుడు రెండే. మూడోది ఉంటే ఏడాదిలోగా పోలీసు స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలన్నారు. వారసత్వంగా వచ్చినా లెక్క రెండు దాటకూడదు. మనవడికి తాతగారి మీసం రావచ్చు, మూడో తుపాకీ రాదు. లైసెన్సుదారు కన్నుమూస్తే తుపాకీ ఇంట్లో ఉంచుకోకూడదన్న సంగతి చాలా కుటుంబాలకు నేటికీ తెలియదు. విదేశాలకు అమ్మేసి చేతులు దులుపుకుందామనుకున్నా, వందేళ్లు దాటిన వస్తువైతే 1972 నాటి పురావస్తు చట్టం అడ్డొస్తుంది. దాన్ని దేశం దాటించే హక్కు ప్రైవేటు మనిషికి లేదు.

ఆయుధ చట్టంలో నాకు లోటుగా కనిపించేది ఒక్కటే. మరమ్మతుకు లొంగుతుందా లొంగదా అన్నది మామూలు మనిషి తనంతట తాను తేల్చుకోలేడు. అటకమీద దొరికిన తాతల నాటి తుపాకీ పట్టుకుని ఎవరిదగ్గరికి వెళ్లి ‘ఇది పేలదని రాసివ్వండి’ అనాలో ఊళ్లో ఎవరూ చెప్పలేరు. భయపడి చెరువులో పారేసినవాళ్లూ, మొండి ధైర్యంతో గోడకి తగిలించినవాళ్లూ ఉంటారు.

మీ ఇంటి అటకమీదా అలాంటిది ఉంటే కమ్మరికి చూపించకండి, నూనె రాయకండి, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఎక్కడ ఉన్నదాన్ని అక్కడే ఉంచి, స్టేషన్‌కు వెళ్లి రాతపూర్వకంగా తెలియజేసి, ఆ కాగితం నకలు దగ్గర పెట్టుకోండి. భుజాన వేసుకుని మాత్రం బస్సెక్కకండి.